వెనక సీట్లో ముగ్గురు

సపర్గలి తలుపులు అమ్ముతాడు. మా తరాజ్ ఊరి పెద్ద బజారులో ఇనుప సామాన్ల వరస చివర, ‘ఏ గుమ్మానికైనా సరిపోయే తలుపు’ అని బోర్డు పెట్టుకున్న దుకాణం అతనిదే. పచ్చి అబద్ధం. మా ఐదంతస్తుల భవనంలో నాలుగిళ్లవాళ్లు అతని దగ్గర తలుపులు కొన్నారు. నాలుగింట్లోనూ తలుపు మూయాలంటే భుజం వేసి తొయ్యాలి. అందులో ఒకటి మాది. కాబట్టి ఈ మనిషి గురించి నేను తీపిగా చెబుతానని ఎవరూ ఆశపడొద్దు.

అతను టేపు ముట్టడు. జానతో కొలుస్తాడు. బొటనవేలూ మధ్యవేలూ బారజాపి, గొంగళిపురుగు పాకినట్టు గుమ్మం పొడవునా చెయ్యి పాకించి, ఒక అంకె చెప్పి, మీసం దువ్వుకుంటాడు.

“టేపులు చెయ్యి కుదరనివాళ్లకి, జావురే పిన్నీ. మన జాన తప్పదు. మా నాయనమ్మ నేర్పింది,” అన్నాడు మా గుమ్మం కొలిచిన రోజు.

తలుపు తెచ్చి బిగించబోతే రెండు వేళ్లు ఎక్కువైంది. తలుపు కోస్తాడనుకున్నాను. గోడ చెక్కాడు. పైగా “మీ గోడ వంకర” అన్నాడు. ముప్పై ఏళ్లు బస్టాండులో టికెట్లు ఇచ్చినదాన్ని, ఎంతమంది కోతలరాయుళ్లని చూశానో లెక్కలేదు. తన తప్పు గోడ మీదకి నెట్టి, ఆ గోడ చెక్కినందుకు మళ్లీ టీ అడిగి తాగి వెళ్లినవాణ్ణి మాత్రం ఇతన్నే చూశాను.

ఇతనిలా తయారవడానికి ఆ నాయనమ్మే కారణం. పేరు ఉల్తుగాన్. మొదటి మనవడో మనవరాలో నాయనమ్మ సొత్తు, మాలో దాన్ని ఎవరూ ప్రశ్నించరు. నేనూ ప్రశ్నించలేదు. నా పెద్దకూతుర్ని మా అత్త ఒళ్లో పెట్టి, పక్క గదిలోకి వెళ్లి, గోడవైపు తిరిగి పడుకున్నాను. సపర్గలి పుట్టిన నలభయ్యో రోజున ఉల్తుగాన్ కూడా పిల్లాణ్ణి దుప్పట్లో చుట్టుకుని తన గదికి తీసుకుపోయింది. ఆ రోజు నుంచి వాడు ఆమెకి కడసారపు కొడుకు. కన్నతండ్రి వాడికి అన్న. కన్నతల్లి కుల్యాష్ వాడికి వదిన.

పదేళ్లొచ్చేదాకా వాడి నోట్లో మాంసం ముక్క ఆ ముసలామే పెట్టింది. వాడు మా కిటికీ అద్దం పగలగొడితే “గురి చూశావా నా బంగారానిది!” అంది. లెక్కల్లో సున్నా వస్తే మాస్టారికి చూపు ఆనడం లేదంది. వాడు తప్పు చేయడం అనేది ఆ ఇంట్లో జరగనే లేదు. అలా పెరిగినవాడు గోడ చెక్కక తలుపు ఎందుకు కోస్తాడు?

కుల్యాష్ మాత్రం ఎన్నేళ్లో ఎదురుచూసింది. తనకీ ఒక కోడలు వస్తుంది, తనకీ ఒక మనవడు పుడతాడు, అప్పుడు తన వంతు. ఏడేళ్ల కిందట సపర్గలిని చేసుకుని బాల్జాన్ కోడలిగా వచ్చింది. ఏడాదికి బెక్జాత్ పుట్టాడు. నలభయ్యో రోజున కుల్యాష్ వచ్చి చేతులు చాపింది. బాల్జాన్ ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది?

కుల్యాష్ ఉండేది మా భవనంలోనే, మూడో మెట్లదారి గుమ్మంలో, బాల్జాన్ వాళ్లది మొదటి గుమ్మంలో. మధ్యలో నేను. మాటలొచ్చినప్పటి నుంచి బెక్జాత్ వారానికి రెండుసార్లు కన్నతల్లి ఇంటికి చుట్టంలా వచ్చి, “వదినా, బౌర్సాక్‌లు చేశావా?” అని అడిగి, నాలుగు వేడివేడి పిండి ఉండలు జేబులో వేసుకుని వెళ్లేవాడు. ఆ తర్వాత తోమిరిస్ పుట్టింది, దానికి మూడేళ్లు. మొన్న చలికాలంలో సాంజార్ పుట్టాడు. ఆ ఇద్దరూ తల్లి దగ్గరే. “వదినా” అని వాడు, “అమ్మా” అని ఆ పిల్ల, ఒకే వంటింట్లో ఒకే మనిషిని పిలుస్తుంటే, వినేదానికి నాకే ఒళ్లు మండేది. సపర్గలికి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

బాల్జాన్ కర్టెన్లు కుడుతుంది. తన సంపాదనతో ఒక తెల్లటి బుల్లి కారు కొనుక్కుంది. ఈ వేసవిలో ఊరికి అటు చివర ఒక పెద్ద కుట్టు వర్క్‌షాపులో గుడ్డ కత్తిరించే పని దొరికింది. అదే వీధిలో మంచి బడి, పక్కనే చంటిపిల్లల్ని చూసే శిశువిహారం. సెప్టెంబరు ఒకటి నుంచి పని. ఆ బడిలో ఒకటో తరగతికి బెక్జాత్ పేరు రాయించింది, ఎవర్నీ అడక్కుండా. పొద్దున ముగ్గుర్నీ కారులో తీసుకెళ్లి సాయంత్రం తీసుకురావాలని, ఆ రాకపోకల్లోనైనా పిల్లాడు తన దగ్గర ఉంటాడని ఆమె ఆశ. ఈ మాట నాతో తప్ప ఎవరితోనూ అనలేదు.

కుల్యాష్‌కి చెప్పిన రోజు నేనూ ఉన్నాను. తివాచీ మీద బల్ల చుట్టూ కూర్చున్నాం. కుల్యాష్ తలుపుకి ఎదురుగా లోపలి చివర, తోర్‌లో, పెద్దవాళ్ల చోట్లో కూర్చుంది. బాల్జాన్ తలుపు పక్కన, కోడలి చోట్లో కూర్చుని టీ పోస్తోంది.

“నా కొడుకుని ఊరవతలికి తోలుకుపోతావా? ఇక్కడ సందు తిరిగితే బడి లేదూ?” అంది కుల్యాష్.

“ఆ బడి బాగుంటుంది అత్తయ్యా. నేను తీసుకెళ్లి తీసుకొస్తాను.”

“ఎందులో? ఆ అగ్గిపెట్టెలోనా? ముగ్గురు పిల్లలకి మూడు సీట్లుండాలిట కదా. లేకపోతే పోలీసులు ఆపుతారు. సపర్గలి చెప్పాడు, అందులో మూడు పట్టవుట.”

“పడితే?”

కుల్యాష్ టీ గిన్నె కింద పెట్టింది. “మూడూ పట్టి, నాలుగు తలుపులూ మూసుకుంటే తీసుకుపో. జావురే సాక్షి. పట్టకపోతే మాత్రం వాడు ఈ సందు బడికే పోతాడు, మళ్లీ నా ముందు ఈ మాట ఎత్తకు.”

ఆ సాయంత్రమే సపర్గలి పెళ్లాంతో ఏమన్నాడో తెలుసా? “మూడేంటి, నాలుగు పట్టిస్తా. కొలతలు నాకొదిలెయ్” అన్నాడు. పట్టవని ఆవిడ దగ్గర, పడతాయని ఈమె దగ్గర, ఒకే రోజు. రెండు చోట్లా అంతే ధీమా.

మర్నాడు కారు వెనక సీటు మీద జాన పాకించి అంకె వేసుకున్నాడు. పిల్లల సీట్లమ్మే దుకాణానికి పోయి సీట్లు తెచ్చాడు. సీట్లు కావవి, సింహాసనాలు. రెండు వైపులా చేతులు, గ్లాసు పెట్టుకోవడానికి గుంటలు, తలకి రెక్కలు. పెరట్లో దింపుతుంటే జనం మూగారు. బాల్జాన్ కిందికొచ్చి చూసి, చుట్టూ వెతికింది.

“రెండే ఉన్నాయేం?”

“మనకి ఇద్దరేగా,” అన్నాడు సపర్గలి.

“బెక్జాత్?”

“వాడు ఆవిడ కొడుకు కదే! వాణ్ణి నా లెక్కలో ఎలా వేస్తాను?”

పంతంగా అన్న మాట కాదు, వెటకారమూ కాదు. దుకాణంవాడు ‘పిల్లలెంతమంది’ అని అడిగితే, ఆరేళ్ల కొడుకుని కన్నవాడు నిజాయితీగా ‘ఇద్దరు’ అని చెప్పి వచ్చాడు. మూడో సీటు కోసమే ఇంత రభస జరుగుతుంటే, ఆ మూడోవాణ్ణే మరిచిపోయి వచ్చాడు. మా పెరట్లో ఒక్క మగాడు కూడా నవ్వలేదు. వాళ్ల లెక్కా అదే మరి.

బాల్జాన్ పైకి వెళ్లిపోయింది. ఆమె ముఖం చూసి నేనే అందుకున్నాను.

“నీ లెక్క తగలెయ్యా! మూడోది ఎవరిదో అడిగి తెచ్చి పెట్టు, చూద్దాం.”

ఐదో అంతస్తు తురార్ తన మనవడి సీటు ఇచ్చాడు. ఇక మొదలైంది తతంగం. రిటైరైన బస్సు డ్రైవరు ఒస్పాన్ మామ పర్యవేక్షణకి దిగాడు. ఎడమవైపు ఒక సింహాసనం, కుడివైపు ఒక సింహాసనం, మధ్యలో తురార్ మనవడి సీటు కుక్కారు. కూర్చుంది! సపర్గలి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నా వైపు చూశాడు.

“ఏం పిన్నీ? జాన తప్పిందా?”

“తలుపెయ్యరా,” అన్నాను.

వేశాడు. పడలేదు. కుడివైపు సింహాసనం ఒక జానెడు బయటికి పొడుచుకొచ్చింది. భుజంతో తోశాడు. ఎడమ తలుపు తెరుచుకుంది. దాన్ని మూస్తే ఇది తెరుచుకుంది. సంగతేమిటో అప్పుడు అర్థమైంది. తలుపులు బార్లా తెరిచి పెట్టి, బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచాడు. పదిహేనేళ్లుగా తలుపులు అమ్ముతున్న మనిషి, తలుపు అన్నాక ఎప్పుడో ఒకప్పుడు మూయాలని మరిచిపోయాడు!

సిగ్గుపడ్డాడా? చచ్చినా పడడు. “ఈ కార్లు చేసేవాళ్లకి కొలత తెలీదు,” అన్నాడు.

“తలుపు లోపలి అట్ట పీకేస్తే రెండు వేళ్లు కలిసొస్తుంది,” అన్నాడు ఒస్పాన్ మామ.

“తాడేసి కడితే సరి. పిల్లలు తెరవకుండా కూడా ఉంటుంది,” అన్నాడు తురార్.

“ముందసలు మధ్యలో ఎవరు కూర్చోవాలో తేల్చండి. మధ్యది తోర్ కదా, పెద్దవాడి చోటు. బెక్జాత్‌దే,” అన్నాడు ఒస్పాన్ మామ.

“అన్ని తలుపులకీ దూరం ఏదో అదే తోర్. అంటే డిక్కీలో కూర్చోబెడతావా మామా?” అన్నాడు తురార్.

దాని మీద గంటసేపు వాదించారు. ఎవరో పుచ్చకాయ తెచ్చారు. కారు బానెట్టు మీద కోసుకు తిన్నారు. గింజలు వైపర్ల కింద ఉమ్మారు. రెండేళ్ల పిల్లకి కూడా తెలిసే విషయం, లోపల ఎంత చోటుందో కొలవడం, ఏడుగురు మగాళ్లలో ఒక్కడికీ తట్టలేదు. ఇంతలో మూడో గుమ్మం బాల్కనీ నుంచి కుల్యాష్ తొంగిచూసింది.

“పట్టాయా?”

“ఇంకా చూస్తున్నాం!” అని అరిచాడు సపర్గలి.

“పట్టవులే. నేను ముందే చెప్పాను,” అని లోపలికి పోయింది. ఆ గొంతులో సంతోషం నాకు వినబడింది. పాపిష్టిది అనుకున్నాను. కానీ అత్తా మొగుడూ ఎప్పుడో పోయారు, బెక్జాత్ కూడా వెళ్లిపోతే ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. అది కూడా నాకు తెలుసు.

మర్నాడు సపర్గలి దుకాణానికి వెళ్లాక బాల్జాన్ కిందికొచ్చింది. మెడలో కుట్టు టేపు, చంకలో కర్టెన్ లైనింగు కాగితం చుట్ట. తోమిరిస్‌ని లోపలికి ఎక్కించి, తనూ ఎక్కి, రెండు తలుపులూ మూసింది. ఎండకి లోపల ఉడుకుతోంది. టేపు ఒక కొస పిల్లకిచ్చి పట్టుకోమంది. కింద కూర్చునే చోట ఒకసారి, నడుం ఎత్తులో ఒకసారి, భుజం ఎత్తులో ఒకసారి కొలిచింది. అరగంటకి చెమటతో బయటపడింది. మా ఇంటికొచ్చి నేల మీద కాగితం పరిచి, సీటు ఆకారం గీసి, జాకెట్టు ముక్కలు కత్తిరించినట్టు కత్తిరించింది.

“మూడూ పక్కపక్కనే ఒకే ఎత్తులో పెడితే పట్టవు పిన్నీ. భుజాలు రాసుకుంటాయి. చంటివాడి సీటు వెనక్కి తిప్పి పెడతారు కదా, దానికి వెడల్పంతా కాళ్ల దగ్గరుంటుంది. దాన్ని మధ్యలో పెడితే, పక్కవాళ్లకి సన్నగా ఉన్న చోట ఇది లావు, వాళ్లు లావుగా ఉన్న చోట ఇది సన్నం.”

“నీ మొగుడికి చెప్పావా?”

“ఆయనకి చెబితే జాన పెడతాడు,” అంది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ అమ్మాయి నవ్వడం చూసి చాలా రోజులైంది.

సింహాసనాలు వెనక్కిచ్చేయడానికి నేనూ వెంట వెళ్లాను. దుకాణంవాడు మొదట సణిగాడు. బాల్జాన్ కాగితం ముక్కలు నేల మీద పరిచి, ఉన్న ప్రతి సీటునీ తెచ్చి వాటి మీద పెట్టించింది. పదకొండో సీటు దగ్గర వాడు సణగడం మాని, తనూ మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతుల్లేని సన్నటి సీటు తోమిరిస్‌కి. వెనక్కి తిరిగేది సాంజార్‌కి. వీపు కూడా లేని, ఉత్త పీటలాంటిది బెక్జాత్‌కి. కారు ఆ రోజు సపర్గలి తీసుకెళ్లడంతో, ఆ పీటని కొన్నాక బాల్జాన్ బస్సులో ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. డిక్కీలో వేస్తాను ఇమ్మని డ్రైవరు అడిగితే ఇవ్వలేదు.

బిగించడం రెండు రోజులు పట్టింది. మధ్యది ముందు పెట్టి, మోకాలితో అదిమి, బెల్టు లాగింది. చివరికి బెక్జాత్ పీట పెడితే, బెల్టు దూర్చే కట్టు పీట కింద కూరుకుపోయింది, వేలు కూడా దూరదు. మళ్లీ అన్నీ విప్పింది. తోమిరిస్ సీటు తలుపు వైపు ఒక్క వేలెడు జరిపి, సాంజార్‌ది దాని మీదకి ఆనించి మళ్లీ మొదటి నుంచి కట్టింది. ఈసారి కట్టు టక్కుమంది. గోళ్లు రెండు విరిగాయి. తలుపులు మూసింది. నాలుగూ మూసుకున్నాయి, భుజం పెట్టే పనే లేకుండా.

సపర్గలి సాయంత్రం వచ్చి చూశాడు. తలుపు తీశాడు, వేశాడు, మళ్లీ తీశాడు. తర్వాత పెరట్లో మగాళ్ల దగ్గరికి పోయి ఏమన్నాడనుకున్నారు?

“నేను మొదటి రోజే చెప్పలా, పడతాయని?”

సెప్టెంబరు ఒకటి పొద్దున్నే పెరడంతా తెల్లచొక్కాలు, పూలగుత్తులు. బెక్జాత్ నల్లకోటు వేసుకుని, తన ఎత్తున్న గ్లాడియోలస్ పూలు పట్టుకుని కుల్యాష్ చెయ్యి పట్టుకుని దిగాడు. కుల్యాష్ కొత్త తలగుడ్డ కట్టుకుంది. ఆమె మాటిచ్చింది, సాక్షిని నేను, పెరడంతా చూస్తోంది. కానీ కారు లోపలికి చూసి ఆగిపోయింది.

“వాడి చోటేది?”

“అదే అత్తయ్యా, తలుపు పక్కన.”

“తలుపు పక్కనా? మధ్యలో చంటివాణ్ణి కూర్చోబెట్టి, ఇంటికి పెద్దవాణ్ణి కోడల్లా తలుపు దగ్గర కూర్చోబెడతావా? దిగవే! నా కొడుకు నీ కారెక్కడు.”

 సపర్గలి తన షూ వైపు చూసుకుంటున్నాడు. పెళ్లాం తరఫున ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, వాడి నోట్లోంచి రాలేదు.

బాల్జాన్ దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకునే ఉంది. 

“ఏడేళ్లుగా తలుపు దగ్గరే కూర్చుని టీ పోస్తున్నాను అత్తయ్యా. ఎవరి గిన్నె ఖాళీ అయిందో అక్కడ కూర్చున్నదానికే తెలుస్తుంది. మధ్యలో ఉంటే వాడు పక్క సీట్ల మధ్య కూరుకుపోయి నాకు అద్దంలో కనబడడు. అక్కడైతే ఇంటి దగ్గర నుంచి బడి దాకా కనబడతాడు. వాణ్ణి ఆరేళ్లుగా కిటికీలోంచే చూశాను.”

 తొలిచూలు బిడ్డని వదులుకున్న ఆ ఇద్దరికీ ఒకే రోగమని నాకు తెలుసు. ఒప్పుకోవడానికి ఆ ముసలిదానికి పౌరుషం అడ్డొస్తోంది. చివరికి కుల్యాష్ వెనక తలుపు తీసి, బెక్జాత్‌ని ఎత్తి పీట మీద కూర్చోబెట్టింది. బెల్టు తనే పెట్టింది. వదులుగా ఉంటే గొడవ పెట్టుకుందామని కాబోలు, రెండుసార్లు గుంజి చూసింది. బెల్టు వదులుగా లేదు.

“కదలకు. బడి దగ్గర కారాగగానే దూకకు. మీ అమ్మ చెప్పాకే దిగు.”

బెక్జాత్ పూలలోంచి తల పైకెత్తాడు. “నువ్వు కూడా వస్తున్నావా?”

“నేను కాదు.” కుల్యాష్ ముందు సీటు వైపు చెయ్యి చూపించింది. “ఆమె.”

“వదినా?”

“వదిన కాదురా. ఆమె మీ అమ్మ. నేను మీ నాయనమ్మని.”

తలుపు మెల్లగా మూసింది. వెనక్కి తిరిగి, ఎవరివైపూ చూడకుండా, తలగుడ్డ కొసతో మూతి మూసుకుని మూడో గుమ్మం వైపు నడిచింది. కారు కదిలింది. కిటికీలోంచి గ్లాడియోలస్ పూలు ఊగుతున్నాయి. బాల్జాన్ అద్దంలోకి చూస్తూ నడుపుతోంది.

సపర్గలి నా పక్కకొచ్చాడు. “ఆవిడకి ఏమైంది పిన్నీ? అన్నీ పట్టాయి కదా.”

ముప్పై ఆరేళ్ల మనిషి! నా చెయ్యి లేవబోయింది. ఆపుకున్నాను.

“ఆమె ఒక్కతే పోతోంది కనబడటం లేదా? పరిగెత్తుకెళ్లి పిలువు.”

రెండు అడుగులు వేశాడు. నోరు తెరిచాడు. తెరిచి, అలాగే నిలబడి, నా వైపు తిరిగాడు.

“ఏమని పిలవను?”